డేటా కావాలా, డిస్క్ కావాలా?

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో ఉండేవాళ్లకు చప్పుళ్లు కొత్త కాదు. పగలూ రాత్రీ రైళ్లు వస్తూ పోతూనే ఉంటాయి. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు అర్ధరాత్రి కూడా వినిపిస్తుంది. ఇక్కడి స్టేషన్‌లో 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకంటే పొడవైనది వచ్చేదాకా ప్రపంచంలో ఇదే పెద్దదని పేరు. ఇంత పెద్ద స్టేషన్ ఉన్న ఊళ్లో కాపురం ఉంటే, ఏది మామూలు చప్పుడో ఏది కాదో చెవికి దానంతటదే తెలిసిపోతుంది. అందుకే మా ఇంట్లో కంప్యూటర్ ఒక సాయంత్రం ‘కటక్, కటక్, కటక్’ అనగానే అమ్మ వంటింట్లోంచే "అదేం చప్పుడర్రా?" అని అడిగింది.

మేమిద్దరం అక్కాతమ్ముళ్లం. తొమ్మిదో తరగతి ఒకరం, ఏడో తరగతి ఒకరం. నాన్న రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో జూనియర్ ఇంజనీరు. ఆద్రా, చక్రధర్‌పూర్ తర్వాత మాకిది మూడో ఊరు. ఈ పత్రిక చదివే మీకు ఇదంతా వేరే చెప్పనక్కర్లేదు. ఒక ఊరు వదిలేటప్పుడు సామానంతా లారీ ఎక్కుతుంది గానీ స్నేహితులు, బడి గేటు, వీధి చివరి చెట్టు ఎక్కవు. వాటిలో మనతో వచ్చేవి ఫొటోలే. మా ఫొటోలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

అందులో ఇంకొకటి కూడా ఉంది. మా తాతయ్య గొంతు.

తాతయ్య 1966లో పలాస స్టేషన్‌లో రైలెక్కి ఖరగ్‌పూర్ వచ్చారు. ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక మళ్లీ శ్రీకాకుళం జిల్లాలో మా పల్లెకు వెళ్లిపోయారు. తాతయ్య ఒక్కరే కాదు, ఉత్తరాంధ్ర నుంచి ఇలా రైల్వే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. సంతలో బెంగాలీ, ఆఫీసులో హిందీ, ఇంటి అరుగు మీద తెలుగు ఇక్కడ మామూలే. తాతయ్య పోవడానికి ఏడాది ముందు నాన్న ఒక చిన్న వాయిస్ రికార్డర్ ఆయన ముందు పెట్టి "ఖరగ్‌పూర్ కబుర్లు చెప్పండి నాన్నా" అన్నారు. ఆయన 38 నిమిషాలు చెప్పారు. న్యూ సెటిల్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒక క్వార్టర్‌లో ఎలా ఉన్నారో, చేపలు బేరమాడుతూ గోల్‌బజార్‌లో బెంగాలీ ఎలా నేర్చుకున్నారో, వర్క్‌షాప్ సైరన్‌కి ఎలా పరుగెత్తేవారో అన్నీ అందులో ఉన్నాయి. మేం ఈ ఊరు రాకముందే ఆ గొంతు వెంట ఈ ఊరు తిరిగేశాం. ఆ రికార్డర్ తర్వాత పనిచేయడం మానేసింది. తాతయ్య గొంతు ఇక ఆ కంప్యూటర్ డిస్క్‌లోనే మిగిలింది.

ఆ డిస్క్ ఉన్న పెట్టెలోంచే ఇప్పుడు ‘కటక్’ అని వినిపిస్తోంది.

నాన్న డ్యూటీ నుంచి రాగానే చెప్పాం. ఆయన కంగారు పడలేదు. "ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చండి. ఎందుకన్నది తర్వాత" అన్నారు. అది ఆయన రోజూ చేసే పనే. బండి స్టేషన్‌లోకి వస్తుండగానే క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది పట్టాలకు రెండు వైపులా నిలబడి చక్రాలను చూస్తారు, వింటారు. దాన్ని రోలింగ్ ఇన్ ఎగ్జామినేషన్ అంటారు. బ్రేకు పట్టేసి, చక్రం తిరగకుండా పట్టా మీద జారితే ఒకచోట అరిగి చదునవుతుంది. రైల్వేలో దానికి పేరు ఫ్లాట్ టైర్. ఆ చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కోసారి ‘ధబ్’మంటుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పొడుగు పిడి సుత్తితో చక్రాన్ని కొట్టి చూసేవారట. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. "చప్పుడు అబద్ధం చెప్పదు. మనమే సరిగ్గా వినం" అంటారు నాన్న.

కంప్యూటర్ పెట్టెలో చప్పుడు చేయగలిగినవి ఎక్కువేం లేవు. ప్రాసెసర్ మీద ఫ్యాను, పవర్ సప్లైలో ఫ్యాను, పెట్టె వెనక ఫ్యాను, హార్డ్ డిస్క్, వదులైన స్క్రూలు. స్విచ్ తీసేసి, ప్లగ్గు ఊడదీసి, పక్క రేకు తీశాం. లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోవాలి. మన ఒంట్లో పేరుకున్న స్థిర విద్యుత్తు అటు పోతుంది, లేకపోతే అది లోపలి చిప్‌లను దెబ్బతీయవచ్చు. మళ్లీ ఆన్ చేసి, ఏదీ ముట్టుకోకుండా, డ్రాయింగ్ షీటును గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర పెట్టుకున్నాం. రెండో కొస ఒక్కో భాగం వైపు తిప్పాం. ఫ్యాన్ల దగ్గర ‘సుయ్’మని ఒకే గాలి చప్పుడు. డిస్క్ దగ్గరకు రాగానే ‘కటక్, కటక్’.

అది రుజువు చేసుకోవడానికి ప్లగ్గు తీసి, డిస్క్‌కు వచ్చే కరెంటు తీగ ఊడదీసి, మళ్లీ ఆన్ చేశాం. ఫ్యాన్లు తిరిగాయి, కటకటలు లేవు. అయినా నాన్న తొందరపడనివ్వలేదు. డిస్క్‌కు కరెంటు సరిగా అందకపోయినా అది అలాగే కొట్టుకుంటుందట. పవర్ సప్లై నుంచి వచ్చే ఇంకో తీగ తగిలించాం. డేటా కేబుల్ కూడా మార్చాం. చప్పుడు మారలేదు. దోషం డిస్క్‌దే అని అప్పుడు ఒప్పుకున్నారు.

ఆ చప్పుడు ఎందుకొస్తుందో తెలియాలంటే హార్డ్ డిస్క్ లోపల ఏముందో తెలియాలి. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. మా డిస్క్ అరచేతిలో పడుతుంది, 500 జీబీ. కానీ పని చేసే పద్ధతి అదే. అయస్కాంత పూత పూసిన పళ్లెం తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక చెయ్యి అటూ ఇటూ కదులుతుంది. చేతి చివర ఉన్న తల చదువుతుంది, రాస్తుంది.

ఆ పళ్లెం వేగం ఎంతో మీరే లెక్క వేయండి. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. పళ్లెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు. దాన్ని పైతో గుణిస్తే చుట్టుకొలత దాదాపు 30 సెంటీమీటర్లు. సెకనుకు 120 చుట్లంటే దాదాపు 36 మీటర్లు. గంటకు 129 కిలోమీటర్లు! మన ఊరి మీదుగా పోయే సూపర్‌ఫాస్ట్ బండి పరుగుకు ఇదేం తీసిపోదు. అంత జోరుగా తిరిగే పళ్లేనికి తల తగలకూడదు. పళ్లెంతో పాటు తిరిగే పల్చటి గాలి పొర మీద అది కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ధూళి కణం కూడా ఆ తలకు కొండలాంటిదని తెలుస్తుంది.

తల ఎక్కడుందో దానికి తెలియడానికి పళ్లెం మీద గుర్తులు ఉంటాయి, పట్టాల పక్కన కిలోమీటరు రాళ్ల లాగా. ఆ గుర్తులు చదవలేకపోతే చెయ్యి వెనక్కి మొదటికి వచ్చి, మళ్లీ వెళ్లి వెతుకుతుంది. దొరక్కపోతే మళ్లీ వెనక్కి. అలా వెనక్కి వచ్చి ఆగిన ప్రతిసారీ ‘కటక్’. అంటే ఆ డిస్క్ దారి తప్పి, దారి వెతుక్కుంటోందన్న మాట.

ఈ సంగతి తెలిశాక సలహాలకు లోటు లేకపోయింది. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టమన్నారు ఒకరు. అలా చేస్తే బయటికి తీయగానే చల్లటి లోహం మీద తేమ పడుతుంది, ఆ తేమ లోపలికీ చేరుతుంది. గట్టిగా తట్టమన్నారు ఇంకొకరు. నానోమీటర్ల ఎత్తున తేలే తలకు ఆ దెబ్బ ఎలాంటిదో ఊహించుకోవచ్చు. మూత విప్పి చూడమన్నారు మరొకరు. వేసవిలో న్యూ సెటిల్‌మెంట్ వీధుల్లో దుమ్ము ఎంతో మాకు తెలుసు. మూడింటికీ నాన్న తల అడ్డంగా ఊపారు.

మరుసటి రోజు గోల్‌బజార్‌లో ఒక రిపేరు షాపుకు వెళ్లాం. షాపు దాదాకు చప్పుడు నోటితోనే చేసి చూపించాం. ఆయన నవ్వలేదు. "డేటా చాయి, నా డిస్క్ చాయి?" అని అడిగారు. డేటా కావాలా, డిస్క్ కావాలా అని. మేమిద్దరం ఒకేసారి "డేటా" అన్నాం.

"అయితే ఇక ఆన్ చేయకండి" అన్నారాయన హిందీలో. డిస్క్ బాగుపడాలంటే ఫార్మాట్ చేసి చూడొచ్చు, లోపాలు సరిదిద్దే ప్రోగ్రాం నడపొచ్చు. కానీ అవన్నీ పళ్లెం అంతా తిరిగి రాస్తూ, సరిచేస్తూ పోతాయి, దెబ్బతిన్న తలతో అంత పని చేయిస్తే ఉన్నదీ పోవచ్చు. డేటా కావాలంటే పద్ధతి వేరు. డిస్క్‌కు మిగిలిన ఓపికంతా ఒకే ఒక్క పనికి వాడాలి, చదివి బయటికి తీయడానికి. అదీ కుదరకపోతే ధూళి లేని గది ఉన్న పెద్ద ల్యాబ్‌కు పంపాలి, దానికి చాలా ఖర్చవుతుంది. ఒకే సమస్యకు రెండు వైద్యాలున్నాయని, ఏది కాపాడాలో ముందు తేల్చుకోకపోతే ఏ వైద్యమూ మందు కాదని మాకు అక్కడే అర్థమైంది. ఒక కొత్త 1 టీబీ హార్డ్ డిస్క్, కంప్యూటర్‌లో పెట్టడానికి ఒక ఎస్ఎస్‌డీ కొనుక్కుని వచ్చాం.

మా బడిలో కంప్యూటర్ సార్‌ను అడిగితే లైనక్స్ ఉన్న పెన్ డ్రైవ్ ఇచ్చారు. దాంతో కంప్యూటర్‌ను నడిపితే పాత డిస్క్ మీద ఏమీ రాయకుండానే చూడొచ్చు. ముందు ‘స్మార్ట్’ లెక్కలు చూడమన్నారు. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఒక రిజిస్టరు రాసుకుంటుంది. చెడిపోయిన చోట్లకు బదులు వేరే చోట్లు వాడిన లెక్క ఒకటి, దాని పేరు రీఅలొకేటెడ్ సెక్టార్స్. మాకది 312 ఉంది. చదవలేక పక్కన పెట్టిన పెండింగ్ సెక్టార్స్ 48. కేబుల్ దోషాలు చూపే సీఆర్‌సీ లెక్క మాత్రం సున్నా. కేబుల్ మార్చి మేం తేల్చిందీ అదే. చెవి చెప్పినదానికి అంకెలు సంతకం పెట్టాయి.

తర్వాత సార్ చెప్పినట్టు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం నడిపాం. అది చాలా తెలివైన కూలి. మామూలుగా కాపీ చేస్తే చెడ్డ చోటు రాగానే అక్కడే తల బాదుకుంటూ ఉండిపోతుంది. ఇది అలా కాదు. చదవగలిగింది ముందు గబగబా తీసేసుకుని, మొండికేసిన చోట్లను ఒక జాబితాలో రాసుకుని దాటిపోతుంది. అంతా అయ్యాక ఆ జాబితా పట్టుకుని వెనక్కి వచ్చి, మళ్లీ కొంచెం కొంచెంగా అడుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ జాబితా ఉంటుంది కాబట్టి ఆగినచోటి నుంచే మొదలుపెట్టొచ్చు. పరీక్షలో కష్టమైన ప్రశ్న దగ్గర కూర్చోకుండా తెలిసినవి ముందు రాసినట్టే.

పాత డిస్క్‌ను బల్ల మీద రబ్బరు ముక్క వేసి కదలకుండా పడుకోబెట్టాం. వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను పెట్టాం. యూపీఎస్ తగిలించాం. శనివారం సాయంత్రం ఆరింటికి మొదలైంది. ఒక నోటుబుక్కులో గీతలు గీసి అరగంటకోసారి ఎంత అయిందో రాశాం. నాన్న చూసి "ఇది మా డ్యూటీ రిజిస్టరు కంటే నీటుగా ఉంది" అన్నారు. మొదటి నాలుగు గంటలు చప్పుడే లేదు. పదిన్నరకు ఒక్కసారి ‘కటక్’ అంది. అమ్మ మాతో పాటే కూర్చుంది. ఎవరం మాట్లాడలేదు. అది ఆ చోటు దాటి మళ్లీ ముందుకు పోయింది. తెల్లవారి ఐదింటికి ఆగినప్పుడు 500 జీబీలో తీయలేకపోయింది 2.3 ఎంబీ మాత్రమే.

ఆ 2.3 ఎంబీ ఎవరి వాటా? ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాం. చక్రధర్‌పూర్ ఫొటోలు రెండు సగం బూడిద రంగుకు తిరిగాయి. తాతయ్య రికార్డింగ్ కూడా తగిలింది. ఆ ఫైల్లో 4 లక్షల బైట్లు లేవు.

ఇక్కడ కూడా లెక్క వేశాం. ఆ రికార్డింగ్ వేవ్ ఫైలు. సెకనుకు 44,100 సార్లు గొంతును కొలిచి, ఒక్కో కొలతకు రెండు బైట్లు రాస్తుంది. అంటే సెకనుకు 88,200 బైట్లు. 4 లక్షల బైట్లంటే నాలుగున్నర సెకన్లు. పోయిన చోట సున్నాలు ఉంటాయి కాబట్టి నిశ్శబ్దం వినిపిస్తుంది. విన్నాం. 21వ నిమిషంలో తాతయ్య నలుగురు క్వార్టర్ స్నేహితుల గురించి చెబుతూ దగ్గారు, తర్వాత ఏమీ లేదు, నాలుగున్నర సెకన్లయ్యాక "ఆఁ, అక్కడ పెట్టు" అన్నారు. ఆ ఖాళీలో ఏ పేరు పోయిందో అని మాకు దిగులు పట్టుకుంది. మిగిలిన 37 నిమిషాలకు పైగా ఉన్నా, చెవి ఆ ఖాళీ దగ్గరే ఆగిపోయేది.

ఆ ఆదివారం పల్లెలో ఉన్న నాన్నమ్మకు ఫోన్ చేసి ఆ ముక్క వినిపించాం. ఆవిడ అసలు ఆలోచించనే లేదు. "అక్కడ ఏ పేరూ లేదమ్మా. నన్ను మంచినీళ్లు అడిగేరు. నేనే గ్లాసు తెచ్చి పెట్టేను" అంది. ఆ రోజు ఆయన పక్కనే కూర్చున్న మనిషి ఆవిడే కదా! డిస్క్‌లో చెరిగిపోయింది నాన్నమ్మ దగ్గర చెరగలేదు. అప్పట్నుంచి ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా మాకు మంచినీళ్ల గ్లాసు కనిపిస్తుంది.

డిస్క్ మార్చడం దీనితో పోలిస్తే చిన్న పని. స్క్రూలు విప్పడం, పాతది తీయడం, ఎస్ఎస్‌డీ బిగించడం, రెండు తీగలు తగిలించడం. ఆ తీగల కొసలు ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగబెట్టి పెట్టడం కుదరదు, బలవంతం చేయకూడదు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే చెయ్యి లేదు, అంతా చిప్‌లే. అందుకే వేగంగా పనిచేస్తుంది, చప్పుడు చేయదు. కానీ నాన్న ఒక మాట అన్నారు: "చప్పుడు చేయనిది పాడవదని కాదు. పాడయ్యేముందు చెప్పదని." ఎస్ఎస్‌డీ హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు. దానికి మందు ఒక్కటే, ఇంకో కాపీ.

దీనికి కంప్యూటర్లవాళ్లు చెప్పే సూత్రం 3-2-1. ముఖ్యమైనదానికి మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, వాటిలో ఒకటి వేరే చోట. మా ఇంట్లో ఇప్పుడు ఒకటి ఎస్ఎస్‌డీలో ఉంది, ఒకటి 1 టీబీ డిస్క్‌లో ఉంది. మూడోది పెన్ డ్రైవ్‌లో పెట్టి పల్లెలో నాన్నమ్మ బీరువాలోకి పంపాం. పెద్దవాళ్లు చేసేదీ ఇలాంటి పనే. ఇదే ఊళ్లో 1951లో మొదలైన ఐఐటీ ఇప్పుడు జాతీయ డిజిటల్ లైబ్రరీని నడుపుతోంది. దేశమంతటి పుస్తకాలనూ పాఠాలనూ ఒకచోట దొరికేలా చేస్తోంది. దేశానికి ఒక లైబ్రరీ ఉన్నట్టే ప్రతి ఇంటికీ ఒక చిన్న లైబ్రరీ ఉంటుంది. దాన్ని చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

పాత డిస్క్‌ను అమ్మలేదు. పాడైన డిస్క్‌లోంచి కూడా తెలిసినవాళ్లు ఫొటోలు, కాగితాలు తీయగలరు కాబట్టి పాతసామాన్లవాడికి అలా ఇచ్చేయకూడదు. నాన్న దాని మీద కాగితం అంటించి తేదీ వేసి, పనికిరాని వ్యాగన్ మీద రాసినట్టే ‘కండెమ్డ్’ అని రాశారు.

మిత్రులారా, మనలో ఎవరికి ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుందో తెలియదు. వచ్చాక ఇల్లంతా అట్టపెట్టెలే. అప్పుడు డిస్క్‌ను లారీలో గిన్నెల పక్కన పడేయకుండా మెత్తటి గుడ్డలో చుట్టి మీ చేతి సంచిలో పెట్టుకోండి. కంప్యూటర్ కొత్త చప్పుడు చేస్తే రేపు చూద్దామనకుండా ఆ రోజే వినండి. మీ ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే వాళ్ల ముందు ఫోన్ పెట్టి కబుర్లు చెప్పించుకోండి. వాళ్ల పక్కన ఇంకెవరైనా కూర్చునేలా కూడా చూడండి. ఆ పని ఆర్డర్ వచ్చేదాకా వాయిదా వేయక్కర్లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం చాలు.